కుకీ మిక్స్ జాడీ గిఫ్టుగా ఇవ్వాలి: పోయినసారి బెల్లం రాయిలా అయింది, ఏం తప్పు చేశాను?

పెరంబూరు వంటిల్లు
నవంబర్ 23

అందరికీ నమస్కారం. మేముండేది చెన్నై పెరంబూరులో, అత్తగారిల్లు నెల్లూరు. ఇక్కడ బేకింగ్ బాగా తెలిసినవాళ్ళు ఉన్నారని రాస్తున్నాను. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

కుకీ మిక్స్ జాడీ చాలామంది చూసే ఉంటారు. గాజు జాడీలో మైదా, ఓట్స్, పంచదార, చాక్లెట్ చిప్స్ వరసలు వరసలుగా పోసి, మూతకి రిబ్బన్ కట్టి ఇస్తారు. తీసుకున్నవాళ్ళు వెన్న, గుడ్డు కలిపి ఓవెన్లో పెట్టుకోవడమే.

ఇది నేను ఎవరికోసం చేస్తున్నానో చెప్పాలి. మా కింది పోర్షన్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉంటారు. వాళ్ళాయన ఐసీఎఫ్‌లో (ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ) పనిచేసి రిటైరయ్యారు, ఆయన పోయి ఆరేళ్ళు. మేం ఈ ఇంట్లో దిగిన ఏడాది నుంచీ డిసెంబర్ 24 సాయంత్రం అయ్యేసరికి ఆంటీ దగ్గర్నుంచి ఒక స్టీలు డబ్బా పైకి వచ్చేది. అందులో కల్‌కల్స్ (మన గవ్వల్లాంటివి), రోజ్ కుకీస్ (మన గులాబీ పువ్వులే), ఒక పెద్ద ముక్క ప్లమ్ కేకు. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని నేను సంక్రాంతికి అరిసెలు పెట్టి ఇచ్చేదాన్ని. మూడేళ్ళుగా ఆ డబ్బా రావడం లేదు. ఆంటీకి కుడిచెయ్యి వణుకుతుంది, కాటా మీద అంకెలు కనిపించవు. "ఓవెనుంది, నేనున్నాను, కొలిచిపెట్టేవాళ్ళే లేరు" అన్నారొకసారి. ఆ మాట నాకు పట్టుకుంది.

చేసిన కుకీలే ఇవ్వచ్చు కదా అంటారేమో. ఇదివరకు ఆంటీ ఓవెన్ ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, లోపల లైటు వెలుగులో కుకీలు పొంగుతుంటే అద్దంలోంచి చూస్తూ కూర్చునేవారు. మా పాపని కూడా పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఆవిడ మళ్ళీ అలా కూర్చోవాలని నా ఆశ. కొలతలు నేను చూసుకుంటే మిగతాది ఆవిడ చేసుకోగలరు.

అందుకని పోయినేడు ఒక జాడీ కట్టి ఇచ్చాను. అది పాడైపోయింది. జనవరిలో ఏదో పని మీద కిందికి వెళ్తే, ఆంటీ ఆ జాడీని ఒళ్ళో పెట్టుకుని వెన్న రాసుకునే చాకుతో లోపల పొడుస్తున్నారు. మధ్య వరసలో వేసిన నాట్టుసక్కరై, అంటే ఇక్కడ దొరికే బెల్లప్పొడి, ఒకే బిళ్ళలా గడ్డకట్టింది. గాజుకి లోపలివైపు గోధుమరంగు చారలు కారి ఉన్నాయి. చార దిగిన చోటల్లా మైదా ముద్దై గాజుకి అతుక్కుంది. చాకు తగిలితే ఠక్ ఠక్ మని చప్పుడు. నన్ను చూడగానే జాడీ పక్కకి జరిపి "టీ తాగుతావా" అన్నారు. నేను నొచ్చుకుంటానని అంతవరకూ ఒక్క మాట చెప్పలేదు. చాలా బాధేసింది.

లీటరు జాడీలో నేను వేసినవి: అడుగున ఓట్స్, దానిమీద నాట్టుసక్కరై, ఆ పైన మైదా (సోడా, బేకింగ్ పౌడర్ కలిపి), పంచదార, చిప్స్, చివర జీడిపప్పు. కట్టిన రోజు జోరుగా వాన. జాడీ పొద్దున కడిగి సాయంత్రం నింపాను.

ఇప్పుడు నా సందేహాలు. బెల్లం ఎందుకలా అయింది? నెల్లూరులో మా అత్తయ్యకి కూడా ఒకటి ఇవ్వాలని ఉంది, కానీ ఆవిడ గుడ్డు తినరు, ఇంట్లో ఓవెన్ లేదు. ఇంకొకటి బెంగళూరులో తమ్ముడికి. రైల్లో తీసుకెళ్తే వరసలు కలిసిపోకుండా ఉంటాయా?


వేళచ్చేరి ఓవెన్
నవంబర్ 23

అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఎనిమిదేళ్ళుగా ఇంట్లోనే ఆర్డర్లకి బేక్ చేస్తున్నాను. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. సరిగ్గా ఆ రోజుల్లోనే అందరూ ఈ జాడీలు కడతారు. కాబట్టి మీకు జరిగింది చాలామందికి జరిగేదే.

నాట్టుసక్కరైలో ముందే తేమ ఉంటుంది, పైగా వానగాలిలో ఇంకా పీల్చుకుంటుంది. మీరు దాన్ని ఓట్స్‌కీ మైదాకీ మధ్య పెట్టారు. రెండూ పొడిగా ఉండేవే, ఆ తడిని రెండువైపుల నుంచీ లాక్కుంటాయి. తడి పోయిన బెల్లం బిళ్ళ కడుతుంది, తడి పట్టిన మైదా ముద్దవుతుంది. మైదాలో సోడా, బేకింగ్ పౌడర్ ఉన్నాయి కదా, అవి కూడా ఆ తడికి జాడీలోనే పనిచేయడం మొదలుపెడతాయి. ఓవెన్లో రావాల్సిన గ్యాస్ ముందే పోతుంది. ఆ బిళ్ళని పగలగొట్టి వాడినా కుకీలు అప్పడాల్లా పలచగా వచ్చి ఉండేవి.

చారలు మాత్రం జాడీ తడి వల్లే అనుకుంటున్నాను. గాజు బయటికి ఆరినట్టే కనిపిస్తుంది, కానీ మూత లోపలి గాడిలో, రబ్బరు రింగు కింద నీటిబొట్టు ఉండిపోతుంది. రింగు ఊడదీసి విడిగా ఆరబెట్టండి. ఎండ లేకపోతే హెయిర్ డ్రయర్ పట్టండి. తర్వాత కూడా ఒక రాత్రంతా మూత తీసి ఇంట్లో పొడిగా ఉన్న చోట ఉంచండి.

నేను వాడే కొలత చెప్తాను. 100 గ్రాముల వెన్న ప్యాకెట్టుకి సరిపోయేలా లెక్క కట్టుకున్నాను, తీసుకున్నవాళ్ళు ప్యాకెట్టు విప్పి మొత్తం వేసేయడమే, మళ్ళీ కొలవక్కర్లేదు. మైదా 150 గ్రాములు, ఓట్స్ 80, పంచదార 80, నాట్టుసక్కరై 90, చిప్స్ 120, జీడిపప్పు 50. వంటసోడా అర టీస్పూను, బేకింగ్ పౌడర్ అర టీస్పూను. అమూల్ వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు విడిగా వద్దు. ఒక గుడ్డు. ఇదంతా లీటరు జాడీలో వరసకొకసారి నొక్కుకుంటూ పోస్తే పడుతుంది. 24 కుకీల దాకా వస్తాయి, 180 డిగ్రీల్లో 12 నిమిషాలు. అంచులు రంగు తిరిగి మధ్యలో ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీయాలి, ట్రే మీద చల్లారుతూ గట్టిపడతాయి.

వరసలు ఇలా వేయండి. అడుగున సోడా, పౌడర్ కలిపి రెండుసార్లు జల్లించిన మైదా. దానిమీద ఓట్స్, తర్వాత పంచదార, తర్వాత చిప్స్, జీడిపప్పు. నాట్టుసక్కరైని వరసగా వేయనే వేయకండి. చిన్న జిప్ కవర్లో పోసి, గాలి తీసేసి, అన్నిటికంటే పైన పెట్టండి. వరసే కావాలనుకుంటే డెమరారా అనే గోధుమరంగు చక్కెర వాడండి, పలుకుగా పొడిగా ఉంటుంది కాబట్టి అంత తొందరగా గడ్డకట్టదు. జీడిపప్పు వేయిస్తే పూర్తిగా చల్లారాకే వేయాలి. కాస్త వేడున్నా మూత కింద చెమట పడుతుంది.

మైదా గురించి ఒక్క మాట. జాడీ వాళ్ళింట్లో ఎన్ని వారాలు ఉంటుందో మనకి తెలియదు, పురుగు పడితే మన పరువు పోతుంది. నేను మైదాని, ఓట్స్‌ని జిప్ కవర్లలో నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్లో పెడతాను. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రాత్రి వదిలేయాలి. చల్లగా ఉండగా విప్పారా, మళ్ళీ అదే తడి.

గుడ్డు వద్దనుకుంటే బదులు మూడు టేబుల్ స్పూన్ల పాలు. బాగానే వస్తాయి, కాస్త గుల్లగా ఉంటాయి.


అంబత్తూరు బామ్మ
నవంబర్ 24

అమ్మాయ్, మీ ఆంటీ సంగతి చదివి కళ్ళు చెమర్చాయి. నేను అబ్బాయి దగ్గర అంబత్తూరులో ఉంటున్నాను, డెబ్భై దాటాయి. నాకూ రోటి దగ్గర కూర్చునే ఓపిక పోయింది కాబట్టి ఆవిడ బాధ నాకు తెలుసు.

మీ అత్తయ్యకి కుకీలెందుకమ్మా? సున్నుండల పిండి జాడీ ఇవ్వు. పొట్టు మినుములు పావుకిలో సన్నసెగన దోరగా వేయించు. కమ్మటి వాసన రావాలి, ఒక గింజ నోట్లో వేసుకుంటే పచ్చివాసన ఉండకూడదు. ఒక చెంచా బియ్యం కూడా వేసి వేయించు, ఉండ పంటికి అంటుకోదు. చల్లారాక పిండి పట్టించు. మరీ మెత్తగా వద్దు, వేలికి కొంచెం గరుకు తగలాలి. 200 గ్రాముల పంచదార విడిగా పొడి చెయ్యి. జాడీలో ఒక వరస పిండి, ఒక వరస పంచదార పొడి పోస్తే అది కూడా చూడ్డానికి బాగుంటుంది. ఆవిడ చేయాల్సిందల్లా పిండీ పంచదారా కలిపి, నూట పాతిక గ్రాముల నెయ్యి కరిగించి గోరువెచ్చగా పోసుకుని ఉండలు చుట్టడమే. ఓవెన్ లేదు, గుడ్డు లేదు.

సున్నుండలు చేయడం మీ అత్తయ్యకి నువ్వు నేర్పక్కర్లేదు. వేయించడం, పట్టించడం దగ్గరే ఈ వయసులో చేతులు పడిపోతాయి. ఆ రెండూ నువ్వు చేసిచ్చి, చుట్టడం ఆవిడకి వదిలెయ్. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చుడుతుంది.

జాడీ మీద "సున్నుండల పిండి" అని పూర్తిగా రాయి. ఉత్త "సున్నిపిండి" అని రాస్తే స్నానానికి పెట్టుకునేది అనుకుని ఎవరైనా బాత్‌రూమ్‌లో పెట్టేస్తారు. మా ఇంట్లో ఒకసారి జరిగింది.


గిండి ప్యాకింగ్
నవంబర్ 24

అండీ, నేను ప్యాకింగ్ మెటీరియల్ లైన్లో పనిచేస్తాను, రైలు ప్రయాణం గురించి నాకు తెలిసింది చెప్తాను.

వరసలు కలిసిపోయేది పైన ఖాళీ ఉన్నప్పుడే. జాడీ మెడ దాకా నిండి, మూత బిగించినప్పుడు లోపలి సరుకుని కాస్త నొక్కినట్టు ఉంటే ఎంత కుదిపినా కదలదు. ఒక వేలెడు ఖాళీ ఉందంటే మాత్రం నెల్లూరు చేరే మూడు గంటల్లోనే పంచదార ఓట్స్‌లోకి దిగిపోతుంది. వరసకొకసారి జాడీని టవల్ మీద పెట్టి తట్టి, పప్పుగుత్తికి శుభ్రమైన కవరు చుట్టి దాంతో అదమండి. చివర్లో ఖాళీ మిగిలితే బటర్ పేపర్ నలిపి పెట్టండి. బెల్లం కవరు పైన పెడతానంటే అదే ఆ ఖాళీ పూడుస్తుంది. వెడల్పు మూతి జాడీయే కొనండి, సన్నమూతి దానిలో పప్పుగుత్తి పోదు. మూతకి కట్టే ట్యాగులకి చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్ వెళ్ళండి, ఆ వీధంతా కాగితాల కొట్లే.

ఇంకో సంగతి, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆంటీగారికి చెయ్యి వణుకుతుందన్నారు. ఆవిడకి గాజు జాడీ ఇవ్వకండి. లోపలి సరుకే అరకిలో పైన ఉంది, లీటరు గాజు జాడీ ఇంకో అరకిలో దాకా తూగుతుంది. కిలో బరువుని ఒక చేత్తో వంచి గిన్నెలో పోయాలి. పోయినేడు ఆవిడ ఒళ్ళో పెట్టుకున్నది కూడా అందుకేనేమో. క్లిప్పు మూతలైతే మరీ కష్టం, వేళ్ళలో బలం కావాలి. తేలికపాటి డబ్బా ఏదైనా చూడండి.


వేళచ్చేరి ఓవెన్
నవంబర్ 24

గిండి అన్నయ్య చెప్పింది నాకు తట్టనే లేదు. డబ్బాలో ఇచ్చేటట్టయితే వరసల గొడవే లేదు అక్కా. మూడు కవర్లు చేయండి. ఒకటో కవర్లో పంచదార, నాట్టుసక్కరై. రెండులో మైదా, సోడా, పౌడర్, ఓట్స్. మూడులో చిప్స్, జీడిపప్పు. నిజానికి కుకీ ఇలాగే బాగా వస్తుంది. జాడీలోంచి అన్నీ ఒకేసారి గిన్నెలో పడితే వెన్ననీ పంచదారనీ ముందు గిలక్కొట్టే వీలుండదు. కవర్లయితే మెత్తబడిన వెన్నలో ఒకటో కవరు వేసి గిలక్కొట్టాలి, తర్వాత గుడ్డు, తర్వాత రెండో కవరు, చివర మూడోది. చాలా ఏళ్ళు బేక్ చేసిన ఆవిడ కదా, ఆ గిలక్కొట్టడం చేతికి గుర్తుంటుంది.

పాప పక్కన ఉంటుందన్నారు, పచ్చిపిండి మాత్రం నాకనివ్వకండి. పచ్చిగుడ్డే కాదు, కాల్చని మైదా కూడా కడుపుకి మంచిది కాదు.


పెరంబూరు వంటిల్లు
డిసెంబర్ 10

అందరికీ ఎంతో థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, చేసి చూసి రాద్దామని ఆగాను.

ముందు ఒక జాడీ పరీక్షకి కట్టాను. మైదా, ఓట్స్ నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టి, రాత్రంతా వదిలేసి, నవంబర్ 29న నింపాను. ఆ రోజూ వానే, కిటికీలు మూసి, ఏసీ వేసుకుని చేశాను. నాట్టుసక్కరై సగం కవర్లో పెట్టి, మిగతా సగం కావాలనే మైదా పక్కన వరసగా వేశాను, తేడా కళ్ళారా చూద్దామని. నిన్నటికి పది రోజులు. వరసగా వేసింది అప్పుడే పెంకు కట్టడం మొదలైంది. స్పూను గుచ్చితే పైన చిన్న బిళ్ళ లేచి, కింద ఇంకా పొడిగా ఉంది. ఇంకో నెల ఉంటే మళ్ళీ పోయినేటి కథే. కవర్లోది ఇసకలా జారింది. కుకీలు కూడా చేశాను. ఆ గడ్డలు చిదిపి కలిపాను కానీ మా ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 12 నిమిషాలు చాలలేదు, 14 పట్టింది. 23 వచ్చాయి. పాప ఆరు తినేసింది.

తమ్ముడికి గాజు జాడీ, పప్పుగుత్తితో అదిమి నింపాను. తలకిందులు చేసి చూశాను, గింజ కదల్లేదు. అత్తయ్యకి సున్నుండల పిండి. బామ్మగారూ, మినుములు ఇంట్లో వేయించి పిండిమరలో ఇచ్చాను. మీరు చెప్పినట్టు గరుకుగా పట్టమంటే మరబ్బాయి రెండుసార్లు అడిగి మరీ సరిచూసుకున్నాడు. ఫోన్లో చెప్తే అత్తయ్య "నెయ్యి నేను కాచి ఉంచుతా, పిల్లని తీసుకుని రా" అన్నారు. ఇంతకుముందు ఏ గిఫ్టు ఇస్తానన్నా "నాకెందుకమ్మా ఖర్చు" అనేవారు.

ఆంటీ విషయానికి వస్తే, తేలికపాటి డబ్బా చూడమన్నారు కదా. ప్లాస్టిక్‌వి ఏవైనా ఉన్నాయేమోనని అటక మీద వెతుకుతుంటే అరిసెల గరిటల వెనక ఆంటీ స్టీలు డబ్బా దొరికింది. ఆఖరుసారి కల్‌కల్స్ వచ్చిన డబ్బా. అరిసెలు పెట్టి ఇద్దామని ఉంచాను, ఆ సంక్రాంతికి మావయ్యకి ఒంట్లో బాగోక నెల్లూరులోనే ఉండిపోయాం. తిరిగొచ్చాక మర్చిపోయాను. మూడేళ్ళుగా ఆవిడ వస్తువు నా అటక మీద ఉంది. అడుగున వాళ్ళాయన పేరు చెక్కించి ఉంది.

తోమి, ఎండలో పెట్టి, మూడు కవర్లూ అందులో సర్దాను. సరిగ్గా పట్టాయి. కవర్ల మీద 1, 2, 3 అంకెలు అరచేతంత వేశాను, నల్ల మార్కరుతో. కాగితం మీద కూడా పెద్ద అక్షరాలతో నాలుగే లైన్లు: వెన్న, 1. గుడ్డు. 2, తర్వాత 3. 180లో 12 నిమిషాలు, చాలకపోతే ఇంకో రెండు. వెన్న ప్యాకెట్టు 24వ తేదీ పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసి పాపతో పంపిస్తాను, ఆంటీ మొదలుపెట్టేసరికి మెత్తబడుతుంది.

ఈ శనివారం ట్యాగుల కోసం ఆండర్సన్ స్ట్రీట్ వెళ్తున్నాను. ఇక్కడ ఎవరికైనా కావాలంటే శుక్రవారం రాత్రిలోపు ఎన్నో చెప్పండి, కలిపి తెచ్చేస్తాను.


అంబత్తూరు బామ్మ
డిసెంబర్ 10

నాకు ఒక పదిహేను తీసుకురా తల్లీ, దారం కట్టుకునే చిల్లున్నవి. ఆంటీ డబ్బా ఖాళీగా పైకి వస్తే మాత్రం ఈ సంక్రాంతికి అరిసెలు మర్చిపోకు.